గంటన్నర విమానానికి ప్రస్థానం

డాలస్ నుంచి ఇటలీ దాకా సముద్రం మీద ఎగరడానికి మా నాన్నకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. గొడవంతా ఇటలీలోని బెర్గామో నుంచి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కి ఎక్కాల్సిన బుల్లి విమానంతో వచ్చింది. ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, గంటన్నరకు కాస్త ఎక్కువ ప్రయాణం. డాలస్ పక్కనే మేముండే కాపెల్ నుంచి హ్యూస్టన్‌లో గుడికి వెళ్ళాలన్నా అంతకు రెట్టింపు పడుతుంది.

ఐండ్‌హోవెన్‌లో మా చెల్లెలి కూతురికి బుధవారం అన్నప్రాశన. పాప పుట్టినప్పుడు వీసా రాక వెళ్ళలేకపోయిన అమ్మ, తొలి ముద్ద తన చేత్తోనే పెట్టాలని పట్టుబట్టింది. ఆర్నెల్లుగా నా దగ్గరున్న వాళ్ళిద్దరికీ దారిలో ఇటలీ చూపించి, మంగళవారానికి చెల్లెలింట్లో దింపాలని నా ప్లాన్.

"మంగళవారం ఉత్తరం వైపా? వారశూల కదరా! ఆ రోజు అటు కదలకూడదు."

"పోనీ బుధవారం బుక్ చేయనా నాన్నా?"

"అదీ ఉత్తరశూలే."

అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం తాపీగా పరిష్కారం చెప్పారు. మంచి ఘడియలో ప్రయాణపు సంచి ఒకటి పొరుగింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్కట. దాన్నే ప్రస్థానం అంటారు. ఆ తర్వాత ఏ శూలా అంటదు. గురువారం పొద్దున్నే ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని, మాకు ఉత్తరాన ఉన్న ఇల్లు పట్టుకున్నారు. ఆ ఇంటి అమెరికన్ పెద్దావిడకు నేనే సంచి ఇచ్చి, చాలా ముఖ్యమైనది, జాగ్రత్త అని చెప్పాను. నాన్న చేతులు జోడించారు. ఆవిడా జోడించింది.

శుక్రవారం సంచి తీసుకుని ఇటలీ విమానానికి బయల్దేరబోతే ఆ ఇంటికి తాళం.

"పోన్లెండి, పంచె, కండువాలే కదా" అన్నాను.

నాన్న నీళ్ళు నమిలారు. "వట్టి బట్టలు పెడితే ప్రస్థానం ఎలా అవుతుందిరా? మా పాస్‌పోర్ట్‌లు కూడా పెట్టాను."

అమ్మ సోఫాలో కూలబడింది. ఫోన్ చేస్తే, పెద్దావిడ ఓక్లహోమాలో కూతురింటికి డ్రైవ్ చేస్తోంది. ముఖ్యమైనదన్నారు కదా, ఖాళీ ఇంట్లో ఎందుకని సంచిని వెంట తీసుకెళ్తోందట.

"ఎటు వెళ్తోందిరా?" అన్నారు నాన్న.

"ఉత్తరానికే."

ఆయన ముఖంలో అప్పుడు మెరిసిన తృప్తిని ఈ జన్మలో క్షమించను.

పాపం, ఆవిడ వెనక్కి తిరిగింది. మేం ఎదురెళ్ళాం. ఒక గ్యాస్ స్టేషన్‌లో సంచి చేతికొచ్చేసరికి విమానం ఎగిరిపోయింది. మళ్ళీ సీట్లు మంగళవారానికి గానీ దొరకలేదు, అవీ నేరుగా ఆమ్‌స్టర్‌డామ్‌కి. ఇటలీ గంగలో కలిసింది. ఆ విమానం ఏ దిక్కున పోతుందని నాన్న అడగలేదు. అడిగుంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు.

బుధవారం మేం చెల్లెలింటికి చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. అమ్మ వచ్చేదాకా పాయసం గిన్నెను చెల్లెలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. వాళ్ళత్తగారు గడియారాన్నీ మా నాన్ననూ మార్చి మార్చి చూసి, "ఇప్పుడు పెట్టొచ్చా అన్నయ్యగారూ?" అని అడిగింది. చెంచా పట్టుకున్న అమ్మ ఆగిపోయింది. ఆమె చెంచాను మళ్ళీ గిన్నెలోకి దించడం నేను చూశాను, నాన్నా చూశారు.

"అమ్మమ్మ చెయ్యి పడ్డదే ముహూర్తం. పెట్టవే" అన్నారు.

పాప పాయసం చప్పరించింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆయన వైపు తిరక్కుండానే అంది:

"ఈ ముక్క పోయిన గురువారం అనుంటే, ఇటలీ కూడా చూసేదాన్ని కదండీ."