ఒడ్డున బిగించిన ఇంజను

తాతారావు కూర్చుని అన్నం తినడం నాంపల్లి లారీ షెడ్డులో ఎవరూ చూడలేదు. గిన్నె చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్లేవాడు, ఒక ముద్ద తినేవాడు, మళ్లీ లోపలికొచ్చేవాడు. స్టేషనులో రైలు కూసిందంటే ముద్ద నోటి దగ్గర ఆగేది.

రాజమండ్రి లాంచీల మీద ఇంజను మనిషిగా పెరిగినవాడు. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు హైదరాబాదు వచ్చి లారీ ఇంజన్ల పనిలో పడ్డాడు. నీటి గాలి తగులుతుందని మొదట చాదర్‌ఘాట్‌లో ఇల్లు తీసుకున్నాడు. మూసీలో నీళ్లు ఏపాటివో చూశాక స్టేషను వెనక్కి మారాడు. తర్వాత అదే వీధిలో ఇంకో ఇంటికి, అక్కణ్ణుంచి ఎదురింటికి. ఏ ఊరని ఎవరైనా అడిగితే, "ప్రస్తుతానికి ఇక్కడ" అనేవాడు. ఆ ప్రస్తుతం ఎనిమిదేళ్లు నడిచింది.

అరవై అయిదులో, వానలు వెనకబట్టాక, షెడ్డుకు పడవ వచ్చింది. ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉన్న శ్యామ్‌సుందర్‌కు హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవ ఉండేది. గాలి పడిపోయినప్పుడు ఒడ్డు చేరడానికి దాని పొట్టలో పెట్రోలు ఇంజను. అది అరిగిపోయి, నీలం పొగ కక్కి కక్కి, ఎండాకాలంలో నడి చెరువులో ఆగిపోయింది. అప్పటి నుంచి పడవ ఒడ్డునే ఎండుతోంది. ఆయన దాన్ని లారీ మీద తెచ్చాడు, రాణిగంజ్‌లో కొన్న డీజిల్ ఇంజను కూడా తెచ్చాడు.

"మేస్త్రీ, మీరు పడవలల్ల పుట్టిన్రంట గద. మీ చేతులనే పెడుతున్న" అన్నాడు.

అదే వారం బావమరిది జగన్మోహనరావు దిగాడు. రాజమండ్రిలో సొంతంగా లాంచీ కొన్నాడు.

"లాంచీ నడిపే సరంగు దొరికాడు బావా. ఇంజను చూసుకునే మనిషే లేడు. నువ్వు ఊఁ అంటే ఎల్లుండి రైలుకే పోదాం. కార్తీకం జనం వచ్చేస్తారు."

"ఈ పడవ నీళ్లలో దిగనియ్యరా. దిగాక చెప్తాను" అన్నాడు తాతారావు. తన చేతుల్లో లాంచీ పని ఇంకా ఉందో లేదో ముందు తనకు తెలియాలనుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కోటేశ్వరమ్మ మొగుడి వైపు చూడకుండా అంది. "మీ కాళ్లకి చక్రాలున్నాయి. నా పొయ్యికి లేవు." కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు చాలామంది ఆవిడ చేతి భోజనమే తినేవాళ్లు.

"అక్కడా తింటారే జనం."

"తింటారు. ఎవరింట్లో వాళ్లు తింటారు."

పొద్దున్నే పాత ఇంజను బోల్టులు విప్పారు. తుప్పు పట్టినవి కోశారు. దూలానికి గొలుసు కట్టి ఇంజన్ని పైకి లాగారు. కొత్తది బరువు ఎక్కువ, కాళ్లు వెడల్పు. టేకు దిమ్మెలు చెక్కి దాని కింద కూర్చోబెట్టారు. తోటి మేస్త్రీ రాజనర్సు ఇంజను వెనక భాగం చూసి నవ్వాడు.

"గిదేందన్నా, లారీ గేర్‌బాక్సు లెక్కనే ఉంది. నువ్వేమో గోదావరి గోదావరి అని మమ్ముల సంపుతివి."

ఇంజను చివర ఒక ఇనప పళ్లెం, నీళ్లలో పంకా తిప్పే షాఫ్టు చివర ఇంకో పళ్లెం. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఆనాలి. తాతారావు వాటి సందులో గడ్డం గీసే బ్లేడు దూర్చి చుట్టూ తిప్పాడు. అంతటా ఒక్కలాగే పట్టింది. స్టేషనులో రైలు కూసింది. పానా అందుకుని బోల్టులన్నీ చేతి బలం కొద్దీ బిగించేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పడవను లారీ మీద తీసుకెళ్లి చెరువులో దింపారు. ఎండిన చెక్కల సందుల్లోంచి నీరు ఊరుతోంది. రాజనర్సు ఒక చేత్తో తెరచాప కొయ్యను కౌగిలించుకుని, రెండో చేత్తో డబ్బాతో నీళ్లు తోడాడు.

"జర మెల్లగ తీస్కపో అన్నా. మా తాలూకల బాయి తప్ప నీళ్లు సూడలే."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పడవ కట్టకు దూరంగా సాగింది. శ్యామ్‌సుందర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మస్తుగ పోతుంది మేస్త్రీ."

తాతారావు చెప్పులు విడిచి పలక మీద కాళ్లు పెట్టాడు. పాదాల కింద సన్నటి వణుకు. వేగం పెంచితే పెరిగింది. వంగి షాఫ్టు పక్కన చెయ్యి పెడితే చురుక్కుమంది. మిగతా ఇద్దరికీ ఏమీ తెలియలేదు. కట్ట మీద జగన్మోహనరావు చెయ్యి ఊపుతున్నాడు. ఒడ్డు చేరి, చెయ్యి తుడుచుకుని, సాయంత్రం రైలెక్కేయొచ్చు.

ఇంజను ఆపేశాడు.

"ఏమైంది?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"మళ్లీ విప్పాలండి. ఒడ్డున దిమ్మెల మీద పడవ ఒకలా కూర్చుంటుంది, నీళ్లలో ఇంకోలా. చెక్క నీరు తాగి ఉబ్బే దాకా ఆగి, అప్పుడు ఇంజన్ని షాఫ్టుకి కలపాలి. నేను లారీకి బిగించినట్టు ఒడ్డునే బిగించాను. ఇలాగే నడిపితే షాఫ్టు అరిగిపోతుంది."

"నీకు ఎర్కలేదా అన్నా?" అన్నాడు రాజనర్సు.

"చిన్నప్పటి నుంచీ తెలుసు."

తెడ్లతో ఒడ్డుకు తెచ్చారు. తాతారావు బోల్టులన్నీ వదులు చేశాడు. సంచి చంకన పెట్టుకుని జగన్మోహనరావు వచ్చి నిలబడ్డాడు.

"అయితే బావా, మాట?"

"ఒడ్డున బిగించే వాణ్ణి నీ లాంచీకి పెట్టుకుంటావా?"

"ఒక్కసారికే ఏమొచ్చింది?"

"ఇక్కడైతే తెడ్లున్నాయి. గోదాట్లో నిండా జనాన్ని ఎక్కించుకున్నాక ఏమున్నాయిరా?"

జగన్మోహనరావు సంచి రెండో చంకకు మార్చుకుని, "అక్కకి చెప్పు" అని వెళ్లిపోయాడు.

చెక్కలు ఉబ్బి ఊట ఆగే దాకా తాతారావు రోజూ పొద్దున, సాయంత్రం చెరువుకు వెళ్లాడు. చెయ్యడానికి అక్కడ పనేమీ లేదు. కట్ట మీద ఈ చివరికీ ఆ చివరికీ నడిచేవాడు. చివరకు బ్లేడు పెట్టి చూస్తే కింద పట్టింది, పైన వదులుగా దూరింది. ఇంజను ముందు కాళ్ల కింద పలచటి రేకులు దూర్చి, మళ్లీ చూసి, బిగించాడు. ఆ సాయంత్రం పడవ వణుకు లేకుండా నడిచింది. శ్యామ్‌సుందర్ ఇంకో చుట్టు తిరిగి వద్దామంటే, పనుందని దిగిపోయాడు.

మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి ఇంటికొచ్చాడు. వంటింటి గుమ్మంలో పెద్ద గోనెమూట ఇంకా అలాగే ఉంది. లోపల గుమాస్తాలకు వండే ఇత్తడి గిన్నెలు. రైలు రోజున కోటేశ్వరమ్మ తమ్ముడి చేత కట్టించింది. వాళ్లను వేరే చోటు చూసుకోమని కూడా చెప్పేసిందని దారిలో ఒక గుమాస్తా చెబితే తెలిసింది.

"నాకు ఒక్కమాటయినా చెప్పలేదే" అన్నాడు.

"మీరు ఊఁ అంటారేమోనని సర్దేశాను. అయిపోయిందా పడవ?"

"అయిపోయింది."

ఆవిడ మూట ముందు కూర్చుని ముడి పీకింది. అది ఇంకా బిగిసింది. తమ్ముడు వేసింది లంగరు తాడుకు వేసే ముడి.

తాతారావు చెప్పులు విడిచి పక్కన చతికిలబడ్డాడు. స్టేషనులో రైలు కూస్తే అటు తల తిప్పాడు. వేళ్లు మాత్రం ఆగలేదు, అతను చూడకుండానే ముడి విప్పేశాయి.

కోటేశ్వరమ్మ ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది. తర్వాత పెద్ద గిన్నె బయటికి తీసి ఎసరు పెట్టింది.