రొట్టె విరిచిన దుర్మార్గుడు

కోడుమూరు చుట్టుపక్కల నాలుగు వేల మందిని ఒకే సాయంత్రం ఏడిపించిన నాటక రచయిత ఎవరని అడిగితే నా పేరు నేనే చెప్పుకోవాలి. ఇంకెవరూ చెప్పరు కనక. అయితే ఆ ఏడుపు నా హీరో కోసం కాదు. వాడిని చెప్పుతో కొట్టారు. జనం ఏడ్చింది, ఊరంతా చీదరించుకోవాలని నేను కష్టపడి తయారుచేసిన దుర్మార్గుడి కోసం. హీరో వేషం వేసింది నేనే కాబట్టి చెప్పు ఎక్కడ తగిలిందో కూడా చెప్పగలను. కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య మా మనవరాలు ఫోనులో ఏదో సీరియల్ చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. అందులో ఒకడు అన్నను మోసం చేశాడట, స్నేహితుణ్ని పోలీసులకు పట్టించాడట.

"తాతా, వీడు అంత చెడ్డోడు గదా. వీడు సచ్చిపోతాడేమోనని నాకెందుకు బయమైతాండాది?"

"వాడు ఎవరికన్నా తిండి పెట్టినాడా?"

"కుక్కకు బిస్కెట్టు ఏసినాడు. ఎవురూ సూడకుండా."

"అదేమ్మా నిన్ను పట్టుకునింది" అన్నాను, పెద్ద డాక్టరు నాడి చూసి చెప్పినట్లు. ఈ విద్య నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక బండి దావ, అంటే చేనికి బండి పోయే దారి, పణంగా పెట్టి నేర్చుకున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. తలనిండా జుట్టు, జుట్టు కింద ఏమీ లేదు. వంక అవతల మాకు మూడెకరాల మెట్ట ఉండేది. అక్కడికి పోయే బండి దావ లింగన్న చేను అంచునే పోతుంది. ఆ ఏడు శెనక్కాయ బాగా కాచింది. చెట్లు పెరికి కుప్ప వేశామో లేదో, లింగన్న దావకు అడ్డంగా ముళ్లకంప కొట్టి వేశాడు. వాన పడితే కుప్ప కుళ్లిపోతుంది. బండి పోకపోతే నేనూ మా ఆవిడ ఈరమ్మా ఆ పంటంతా మూటలు కట్టి, నెత్తిన పెట్టుకుని, వంకలో దిగి ఎక్కి ఇంటికి చేర్చాలి. ఏ కారణమూ లేకుండానే వేశాడని అప్పట్లో ఊరంతా చెప్పాను. మీకూ అదే చెప్పి ఊరుకుందామని ఉంది, చూద్దాం.

మంగళవారం ఊళ్లో దేవర, అంటే మా అమ్మవారి పండగ. బుధవారం పొద్దున మా దావ గురించి పంచాయితీ. దేవర రోజు బడి ముందర నాటకం ఆడటం మా ఊరి వాడుక. ఆ ఏడు రాసేవాళ్లు లేరంటే నేను రాస్తానన్నాను. నా లెక్క ఏమిటంటే, పెద్దమనుషులూ మనుషులే. సాయంత్రం గుండె కరిగితే మర్నాడు పొద్దునకు ఇంకా కొంచెం తడి మిగిలి ఉంటుంది.

నాటకంలో హీరో ధర్మయ్య. మచ్చలేని మనిషి కాబట్టి నేనే వేశాను. దుర్మార్గుడు రంగప్ప. ఆ వేషం ఊళ్లో బట్టలు కుట్టే ఖాసింకు ఇచ్చాను. కాగితాలు చదివి ఖాసిం తల గోక్కున్నాడు.

"ఏమప్పా సుంకన్నా, ఈ రంగప్ప అచ్చం మన లింగన్న మాదిరే ఉండాడే?"

"నీకు ఊరికే అట్ల అనిపిస్తాండాది."

"లింగన్న మాదిరే సెవిలో బీడీ పెట్టుకోవాల్నంట. మాటమాటకూ 'నాకేం తెల్దప్పా' అనాల్నంట. ఇంగ లింగన్న టవలొకటే తక్కువ."

"అడిగితే ఇస్తాడా?"

టవలు అడగలేదు గానీ ఎద్దును అడగాల్సి వచ్చింది. నాటకంలో ఒక ఎద్దు కావాలి. ఊళ్లో ఎద్దులన్నీ దేవర బండ్లకు కట్టేశారు. ఖాళీగా ఉన్నది లింగన్న ముసలి కుంటెద్దు ఒక్కటే. నాకు మొహం చెల్లక ఖాసింను పంపాను.

"నాటకానికా? తోలకపోప్పా. ఎండలో మాత్రం నిలబెట్టాకు" అన్నాడట లింగన్న. ఆ ఎద్దు తనను తిట్టించడానికే పోతోందని పాపం ఆయనకు తెలియదు.

కరెంటు మీద నమ్మకం లేక సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టాం. ఇక్కడ ఒక చిన్న సవరణ. నాలుగు వేల మంది అన్నాను గదా, ఆ బడి ముందర అంతమంది పట్టరు. రెండు వందలు అనుకోండి. మేకలను తీసేస్తే ఇంకొంచెం తక్కువ. ముందు వరసలో పెద్దమనిషి మద్దిలేటి తాత, ఆయన పక్కనే లింగన్న.

నేను వచ్చి సత్యం గురించి, ధర్మం గురించి అరగంట మాట్లాడాను. ధర్మయ్యకు కోపం రాదు, ఆకలి వేయదు, చెమట పట్టదు. "నేనేనాడును అసత్యమాడి ఎరుగను" అన్నప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు వినిపించింది. అది ఎవరి నవ్వో నాకు తెలుసు. రోజూ నాకు వండి పెట్టే మనిషిది.

తర్వాత రంగప్ప వచ్చి ధర్మయ్య దావకు కంప వేశాడు. జనం తిట్టారు. ఒక ముసలమ్మ దుమ్మెత్తి పోసింది. "నాకేం తెల్దప్పా" అన్నప్పుడల్లా లింగన్నే అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. నా మనసు పొంగే పాలలా ఉంది.

అక్కడ నేను లోపలికి పోయి చిరిగిన చొక్కా వేసుకుని రావాలి. ఆ సందు పూడ్చడానికే ఎద్దు రంగం రాశాను. కరువు వచ్చినా, సంతకు తోలి అమ్మేయమని అందరూ చెప్పినా, పనికిరాని కుంటెద్దును పట్టుకుని కూర్చున్న పిచ్చోడు అని జనం పడీపడీ నవ్వాలి.

నేను లోపల గుండీలు పెట్టుకుంటూ నవ్వు కోసం చెవులు రిక్కించాను. నవ్వు రాలేదు. దగ్గు కూడా రాలేదు. కిటికీలోంచి తొంగి చూశాను.

ఖాసిం నేల మీద కూర్చుని జొన్నరొట్టె విరిచి సగం ఎద్దు నోట్లో పెట్టాడు. మిగిలిన సగం చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. అదీ పెట్టేశాడు.

"తిను. నా పానం తీసేకే పుట్నావు నువ్వు. నిన్ను సంతకు తోలేస్తే ఇంగ నేను ఎవుర్ని తిట్టుకోవాల?"

అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఏదో ఒక కరువు ఏడు ఎద్దును సంతకు తోలి, ఉత్త పగ్గం చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చినవాళ్లే. ఆ సంగతి నా బుర్రకు అప్పుడు తట్టింది. మగవాళ్లు టవళ్లతో మొహాలు తుడుచుకుంటున్నారు. ఇంతలో ఎద్దు ఖాసింను వదిలేసి, కుంటుకుంటూ ముందు వరసకు పోయి, లింగన్న ఒళ్లో తల పెట్టి ఇంకో రొట్టె కోసం వెతుక్కుంది. రంగప్ప ఎవరో తెలియనివాళ్లు ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకూ తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే నేను కర్ర పట్టుకుని దూకాను. "ఓరీ దుర్మార్గుడా, నా దావ విడువుము!"

ఇందాక దుమ్మెత్తి పోసిన ముసలమ్మే లేచింది. "ఒరేయ్, ఎద్దు తింటాండాది, కనపళ్యా? నీ దావ యాడికి పోతాదిలేరా, పక్కకు జరుగు."

నేను జరగకుండా పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదంలో చెప్పు వచ్చి ఎడమ చెవికి తగిలింది.

ఇన్నేళ్లుగా ఆలోచిస్తే నాకు తేలింది ఇంతే. తన మంచి తానే అరగంట చెప్పుకున్నవాణ్ని జనం నమ్మరు. ఎంత చెడ్డవాడైనా, ఎవరూ చూడటం లేదనుకుని ఒక మంచి పని చేస్తే, అది తామొక్కరే చూశామనుకుంటారు. ఇక వాడు వాళ్ల మనిషి.

మర్నాడు పంచాయితీలో మద్దిలేటి తాత గొంతు సవరించుకున్నాడు.

"సుంకన్నా, నాటకం శానా బాగుండాది. లింగన్న కంప ఏసేది సూపించినావు. అంతకుముందు ఆయప్ప పూతకొచ్చిన కంది మీద నువ్వు బండి తోలింది నాటకంలో యాడుండాది?"

"అది... కథ పొడుగైతాదని తీసేసినా తాతా."

"ఒకసారేనా?"

"రెండుసార్లు."

ఈరమ్మ దగ్గింది.

"మూడుసార్లు" అన్నాను.

"అట్లయితే దావ లింగన్న ఇష్టం. మేం సెప్పేదేం ల్యా."

నా కళ్ల ముందు మూటలు, వంక, మా ఆవిడ మొహం వరసగా కనిపించాయి. లింగన్న లేచాడు.

"కంప నేనే తీసేస్తా తాతా. ఈ ఊర్లో నన్ను సూస్తే పక్కకు పోయేటోల్లే గానీ, నా గురించి ఒక మంచి మాట అనినోల్లు ల్యారు. నేను నా ఎద్దుకు రొట్టె పెట్టేది సుంకన్న సూసినాడు. నాతో కొట్లాటుండి గూడా దాన్ని నాటకంలో రాసినాడు."

నిజం చెప్పాల్సిన సమయం అది. నేను తల వంచుకున్నాను. జనం దాన్ని వినయం అనుకున్నారు. మధ్యాహ్నానికి లింగన్న తన చేతులతోనే కంప లాగేశాడు. వానకు ముందే కాయ ఇల్లు చేరింది. నా కలం బలంతో దావ తెరిపించానని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను.

అందుకని అహోబిలం నరసింహస్వామి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా చెడ్డవాడిగా చూపించాలంటే వాడి దగ్గరికి పశువును రానివ్వను, వాడికి ఆకలి వేయనివ్వను, చేతికి రొట్టె అసలే ఇవ్వను. నా హీరోకు మాత్రం కనీసం ఒక బీడీ ఇస్తాను.

ఇదంతా రాసి ఈరమ్మకు చదివి వినిపించాను. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"నువ్వు రాసింది 'రంగప్ప ఎద్దును తన్నును' అని. 'నేను తన్నలేనక్కా' అని ఖాసిం నా దగ్గరకి వచ్చినాడు. లింగన్న రోజూ ఏం సేస్తాడో నేను సెప్పినా. రొట్టె గూడా నేనే కాల్చి ఇచ్చినా. ఆ దావ తెరిచింది నీ రాత గాదు, నా రొట్టె. అది గూడా రాయి."