గుమ్మంలో కూర్చుంటే

సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఒక హోటల్లో టీ తాగుతుంటే, నా బల్ల దగ్గరే కూర్చున్న పెద్దాయన తెలుగులో పలకరించారు. మలేషియాలో పుట్టి, పని కోసం సింగపూర్ వచ్చి స్థిరపడిన మనిషి. తాతగారిది విజయనగరం వైపు పల్లెటూరని విన్నారే గాని ఎప్పుడూ చూడలేదట. నాదీ అటే అని తెలియగానే అడిగారు.

"మీ ఊరు ఎలగుంటాది బాబూ?"

"చాలా బాగుంటుంది అంకుల్. పచ్చగా ఉంటుంది."

"అందరూ అదే చెప్తారు లా," అన్నారు, సింగపూర్ వాళ్ల అలవాటులో చివర "లా" తగిలించి. "సాయంత్రం గుమ్మంలో కూకుంటే ఏటి కనపడతాది?"

కొంచెం గుచ్చుకుంది. ఆలోచించి చెప్పాను.

"ఎదురింటివాళ్ల గేదె. చెరువులో దొర్లి ఒంటినిండా బురదతో ఇంటికొస్తుంది. సందు ఇరుకు కదా, మన మోకాళ్లకు రాసుకుంటూ పోతుంది."

ఆయన కళ్లు మూసుకున్నారు. బల్ల కింద చాపుకున్న కాళ్లు రెండూ మెల్లగా ముడుచుకున్నారు.