సింహం బదులు పిల్లి

మా ఊళ్ళో ఒంటి మీద సర్పి లేచి పొక్కులు మండితే, తగ్గుతుందని వాటి మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, సింహం బొమ్మ గీస్తారు. మొన్న పక్కింటి వదినెకు నుదుటి మీద లేస్తే నన్ను గీయమంది. నా చెయ్యి ఊరుకుంటుందా, మీసాలతో సహా పిల్లిని గీశాను. పాపం, కొంగు కప్పుకుని ఇంట్లోనే కూర్చుంది, ఎవరూ చూడలేదు. ఈ రోజు పొద్దున చూస్తే కన్ను వాచి మూసుకుపోయింది. భయపడి కరీంనగర్‌లో చర్మాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

"గీ పిల్లిని ఎవరు గీసిండ్రమ్మా?" అన్నాడు డాక్టరు.

"పిల్లా? సింహం గాదా సారూ?" అని వదినె ఒంటికంటితో నా వైపు చూసింది.

"ఏదైతేంది. ముఖం మీద సర్పి లేస్తే గా రోజే రావాలె. ఇంకా ఆగితే కన్ను పోతుండె" అని ఆయన గోలీలు రాసి, కంటి డాక్టరు దగ్గరికి పంపాడు. చూపుకు ఫికర్ లేదని అక్కడ చెప్పాకే నాకు ఊపిరి ఆడింది.

బస్సులో వదినె తిట్టలేదు. మెల్లగా, "మరిదీ, నువ్వు సక్కగ సింహాన్నే గీస్తే గింత దూరం ఎందుకొస్తుంటిమి?" అంది.

సింహాన్ని గీసినా ఇంతేనని చెబుదామనుకున్నాను. పిల్లిని గీసినవాడు చెబితే ఆమె నమ్ముతుందా? మీరైతే ఎలా చెబుతారు?