దానియేలు గారి దుంగలు

పచ్చి నీలగిరి కర్ర కోస్తున్న వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నా కడుపులో మంట మొదలవుతుంది. నిన్న జూబ్లీహిల్స్‌లో గాలివానకు పడిన చెట్టును కోస్తుంటే కారు ఆపి నిలబడిపోయాను. దానియేలు గారు గుర్తొచ్చారు. నాకు పని నేర్పింది ఆయనే. నేను కుళ్ళి చచ్చిందీ ఆయన్ని చూసే.

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్ సగం బండలే. ఆ బండల పైన ఒక సినిమాకి అడవి కోట సెట్టు వేస్తున్నారు. లారీలు పైకి ఎక్కలేక నీలగిరి దుంగల్ని కింద రోడ్డు పక్కనే పడేసి పోయేవి. అక్కడినుంచి గొలుసులు కట్టి ట్రాక్టర్లతో ఈడ్చుకెళ్ళాలి. ఒక బండి ఆయన నడిపేవారు, ఒకటి నేను. రెండూ ఒకే రకం బళ్ళు. అయినా నేను మూలుగుతూ ఎక్కుతుంటే ఆయన దుంగలు దించేసి ఖాళీగా ఎదురొచ్చేవారు. ఈ పని అయ్యాక ఒక్క డ్రైవరునే ఏడాది పొడుగునా ఉంచుకుంటానని కాంట్రాక్టరు ముందే చెప్పాడు. నేనేమో అప్పటికే మోతీనగర్‌లో గది తీసుకుని పెళ్ళాన్ని తెచ్చుకున్నాను. ఆ పని నాకు రావాల్సిందే.

ఆయన్ని మించాలని ఒకరోజు ఎక్కువ దుంగలు తగిలించాను. ఎత్తులో ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఎలాగో ఆపాను. ఆయన పరుగెత్తుకొచ్చారు.

"అబ్బాయ్, గొలుసు అంత పైకి కడితే బండి నీ మీదికే తిరగబడుతుందిరా. కిందికి కట్టు. బరువు తగ్గించుకో, ఆగకుండా తిరుగు."

అంతమందిలో చెప్పారని ఒళ్ళు మండింది. చెప్పినట్టు చేస్తే పని చకచకా సాగింది. దానికి ఇంకా మండింది.

అయినా ఆయన్ని అందుకోలేకపోయాను. కిటుకు కింద రోడ్డు దగ్గరే ఉందని తర్వాత తెలిసింది. ఆయన దిగి వచ్చేలోపే కూలీలు దుంగల్ని కట్టలు చేసి గొలుసు చుట్టి ఉంచేవారు. ఆయన తగిలించుకుని కదలడమే. నేనొస్తే మాత్రం వాళ్ళు అప్పుడు లేచి, తీరిగ్గా బీడీలు ఆర్పి మొదలుపెట్టేవారు. వాళ్ళది తెలంగాణ యాస, నాది వేరు కదా అని సరిపెట్టుకుందామంటే ఆయనా మా కోస్తా మనిషే. మధ్యాహ్నం వాళ్ళతోపాటే నేలమీద కూర్చుని తన డబ్బాలో కూర పంచేవారు. ఎవరి భుజం నొప్పిగా ఉందో ఆయనకు తెలుసు. నేనూ మిర్చిబజ్జీలు కొనిపెట్టాను. వాళ్ళు శుభ్రంగా తిని, మూతులు తుడుచుకుని, మళ్ళీ ఆయన కోసమే దుంగలు కట్టడానికి వెళ్ళారు.

సెట్టు పూర్తయ్యాక కాంట్రాక్టరు నన్ను పిలిచి పని నీదే అన్నాడు. దానియేలు గారు భద్రాచలం వైపు కలప డిపోలో చేరిపోతున్నారట. ఆ కుర్రాణ్ణి పెట్టుకోండి, చెప్తే వింటాడు అని ఆయనే అన్నారట. ఆయన మీద నెగ్గి తీసుకోవాలనుకున్న పని, ఆయన వదిలేస్తే నాకు దక్కింది. ఇంట్లో మా ఆవిడ పాయసం చేసింది. నేను గిన్నె ముట్టకుండా లేచిపోయాను.

ఆ తర్వాత కొత్త సెట్టు పని మొదలైంది. మొదటిరోజు నేను కిందికి వచ్చేసరికి దుంగలన్నీ కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. పోనీలే, ఇన్నాళ్ళకి వీళ్ళకి నేనూ మనిషిలా కనబడ్డాను అనుకున్నాను. ఛాతీ పొంగింది. అప్పుడు మల్లయ్య అనే కూలీ గొలుసు అందిస్తూ అన్నాడు.

"దానియేలన్న చెప్పి పోయిండు. పోరడు మంచోడే, గాయనకు గూడ ముందుగాల్నే కట్టి పెట్టున్రి అన్నడు."

ఆ పనిమీదే నిలబడి ఇవాళ సెట్లకి కర్ర సప్లయి చేసేవాణ్ణయ్యాను. మధ్యాహ్నం కూలీలతోనే కూర్చుని తింటాను. భుజం ఎలా ఉందని అడుగుతాను. మా సారు మంచోడని వాళ్ళు అనుకోవడం అప్పుడప్పుడు చెవిన పడుతుంది. ఆ మంచోడు నేనేనా, ఆయనా అని లోపల ఒకటే కుళ్ళు.