పొలిమేర దెబ్బ

పక్కింటి దొర పోయాడని మొన్న ఆదివారం మా బిడ్డ చెప్పింది. ముసలివాళ్ళను ఉంచే హోమ్‌లో పోయాడట. ఆయన కొడుకు వాకిట్లో కారు కడుక్కుంటూ ఆ కబురు చెప్పాడట. నీళ్ళ పైపు కూడా ఆపలేదట.

నేను రెండో తరగతి దాటినవాణ్ణి కాదు. అక్షరం తప్పితే దిద్దుకోండి, మాట మాత్రం మార్చొద్దు.

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా బిడ్డ ఇంటిని ఆనుకునే ఆయన ఇల్లు. పుట్టింది ఇంగ్లండు పల్లెలో, అందుకే నాకు దొర. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. మా బిడ్డ ఆఫీసు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది. ఆయనకున్న ముచ్చట ఒక్కటే, తన ఊరు. గుట్ట మీద రాతి చర్చి, కింద వాగు, పొలాల చుట్టూ ముళ్ళపొదల కంచెలు. ఊరి పశువులన్నీ మేసే బీడును తాతల కాలంలో భూస్వామి కంచె వేసి మింగేశాడట.

"దొరలకు గూడ దొరలుంటరా?" అన్నాను. మా బిడ్డ అది చెప్పగానే తొడ చరిచి నవ్వాడు.

ఏటా ఎండలు ముదరకముందు ఊరంతా పొలిమేర చుట్టి వచ్చేవాళ్ళట. హద్దురాయి వచ్చినచోటల్లా పిల్లల్ని నిలబెట్టి బెత్తంతో కొట్టేవాళ్ళట, ఆ రాయి ఎక్కడుందో చచ్చేదాకా మరవకూడదని. ఈయన తలను కన్నతండ్రే రాతికేసి మోదాడు. నుదుటి మీది ఆ మచ్చను బహుమతి చూపించినట్టు చూపించేవాడు. "కాగితం చిరుగుతుంది, దెబ్బ చిరగదు" అనేవాడు.

తర్వాత మతిమరుపు పట్టుకుంది. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. దారి తప్పితే పోలీసులు తెచ్చి దింపారు. "ఇంకోసారి తప్పిపోయావంటే హోమ్‌లో పడేస్తా" అని కొడుకు అరిచాడు. మా బిడ్డ చెప్పకముందే నాకు అర్థమైంది.

మర్నాడు దొర ఒక సన్నటి కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. వీధి మలుపుకు తీసుకుపోయి అరచెయ్యి చాచాడు. మెల్లగా కొడితే తల అడ్డంగా ఊపాడు. గట్టిగా కొట్టాను. ఆ ఎండాకాలమంతా అదే పని, మలుపు మలుపుకూ. మళ్ళీ దారి తప్పలేదు. ఒకనాడు ఒంటరిగా వీధంతా చుట్టి వచ్చి, తన మెయిల్‌బాక్స్ మీద చెయ్యేసి పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

ఆ అరచేతి వాతలు కొడుకు కంటబడ్డాయి. సంగతి తెలిసి మా బిడ్డ నా దగ్గరికి ఉరికొచ్చింది.

"బాపూ, నువ్వు ఆయన్ని కొట్టినవా?"

"కొట్టమన్నడు, కొట్టిన."

"అయ్యో బాపూ! ఇది మన ఊరనుకున్నవా? వాళ్ళు కంప్లైంట్ చేస్తే నీ వీసా గతేంది?"

"నా వీసా సంగతి ఇడిసిపెట్టు. వాళ్ళయ్య ఇల్లు చేరుతున్నడా లేదా? అదడుగు."

అడిగింది. కొడుకు వినలేదు. ఆ వారమే హోమ్‌లో చేర్చాడు. కొట్టినందుకు నేను ఈరోజుకీ సిగ్గుపడను.

ఒకసారి చూడబోయాం. పొడుగాటి వరండా, తెల్ల తలుపులు, అన్నీ ఒకే తీరు. తన గది ఏదో తెలియక మధ్యలో నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పక్కన నడిచాను. వరండా మలుపు రాగానే ఆగి, నా వైపు తిరిగి అరచెయ్యి చాచాడు. వాతలన్నీ మానిపోయి నున్నగా ఉంది.

నర్సు చూస్తోంది. మా బిడ్డ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేం లిఫ్టు ఎక్కి తలుపులు మూసుకునేదాకా ఆ చెయ్యి అట్లాగే చాచి ఉంది.