పులివెందులలో రాని ఆయాసం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఒక పొద్దున జడ వేయించుకుంటూ మా కమల, "అమ్మా, ఊపిరి లోపలికి పోతాంది, బయటికి రావడంలే" అంది. ఆరేళ్ల పిల్ల. వీపు మీద చెవి పెడితే లోపల పిల్లికూతలు. జలుబేలే అనుకున్నాను. వారం తిరిగేసరికి నాలుగు మెట్లెక్కితే చాలు, రొప్పుతూ కూలబడేది.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన బడిపంతులు. మా అత్తకు మడి అంటే ప్రాణం. ఆమె మడిచీర ఎవరి చేయీ తగలకుండా స్నానాల గదిలో, దండెం మీద, తలుపు మూసి ఆరేది. ఆ గదికి కిటికీ లేదు. ఆరేది అని మాటవరసకు అంటున్నాను గాని, అది ఏనాడూ పూర్తిగా ఆరిన పాపాన పోలేదు.

పిల్లకు ఆయాసం వచ్చినప్పుడల్లా మా అత్త వావిలాకు మరిగించి, ఆ గదిలోనే తలుపు వేసి ఆవిరి పట్టించేది. పాపం, ప్రేమతోనే. బయటికొచ్చాక దగ్గు ఇంకా ఎక్కువయ్యేది. "కఫం కదులుతాంది లేవే" అనేది. నేనూ తల ఊపేదాన్ని. నాకు మాత్రం ఏం తెలుసు!

ఊళ్లో డాక్టరు ఈసినోఫీలియా అన్నాడు, సూదులు వేశాడు. తగ్గలేదు. వేసవి సెలవుల్లో పులివెందులలో మా పుట్టింటికి తీసుకుపోతే, నాలుగు రోజులకే పిల్ల మేకపిల్లలా గెంతింది. నెలంతా ఒక్క దగ్గు లేదు! ప్రొద్దుటూరు వచ్చామో లేదో మళ్లీ మొదలు. పిల్లకు పులివెందుల నీళ్లు పడ్డాయని అందరూ తేల్చేశారు. ఇక మా అమ్మానాన్నల దగ్గరే ఉంచి చదివిద్దామని మా ఆయన నిశ్చయించారు. నాకున్నది ఒక్కతే బిడ్డ.

పంపే ముందు ఒక్కసారి చూపిద్దామని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. లేడీ డాక్టరు ఎక్స్‌రే తీయించింది, బ్లడ్ టెస్టు చేయించింది. తర్వాత, "ఎప్పుడు ఎక్కువైతాందమ్మా?" అని అడిగింది. ఆవిరి సంగతి, పులివెందులలో తగ్గిన సంగతి చెప్పాను.

"ఆ గది గోడలెట్లుంటాయి?"

"నల్లగా. బూజు. అందరిండ్లల్లో ఉండేదే కదా?"

ఆమె కలం కింద పెట్టింది. "ఇది ఆస్తమా. బూజు ఈ పిల్లకు పడదు, అలర్జీ. మీరేమో తీసకపోయి దాంట్లోనే కూర్చోబెడతాండారు తల్లీ!"

ఎఫెడ్రిన్ మాత్రలు రాసిచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా లోపల ఒకటే సంతోషం. తప్పు ఊరిది కాదు, గదిది!

అత్తకు చెప్పే ధైర్యం మాత్రం నాకూ లేదు, మా ఆయనకూ లేదు. బడిలో అరవై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, "సున్నం కొట్టిస్తే పోతాదిలే" అని నసిగారు. కొట్టించాము. వానలు మొదలయ్యేసరికి సున్నంలోంచి నల్లమచ్చలు తేలాయి. పిల్లకు మళ్లీ ఆయాసం, అత్తది మళ్లీ అదే ఆవిరి. ఆయన బడిలో టి.సి. తీసుకొచ్చి, కమల పావడాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు.

ఇక నేనాగలేదు. "అత్తా, పిల్లకు ఆయాసం తెప్పిస్తాండేది ఆ గదే. నీ మడిచీర తడికే ఆ బూజంతా. డాక్టరమ్మ చెప్పింది. తిడితే తిట్టు."

తిట్టింది. కానీ దేనికి? "ఈ మాట అప్పుడే చెప్పేదానికి మీకేం రోగం? నా చేతుల్తో నేనే కదే దాన్ని ఆడ కూర్చోబెట్టింది!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వెంటనే కొడుకు వైపు తిరిగి, "ఒరే, గడ్డపార యాడుంది?" అంది.

డెబ్బై దాటిన మనిషి కొంగు బిగించి గోడను ఒక్క పోటు పొడిచింది. రెండో పోటుకు ఆయన లాక్కున్నారు. మర్నాడు మేస్త్రీ వచ్చి కిటికీ పెట్టాడు, పాత గారంతా గీకేసి కొత్తది వేశాడు. మడిచీర మిద్దెక్కింది. "ఎండకు మించిన మడి ఏముందే?" అని మా అత్త ఒక కొత్త శాస్త్రం కూడా కనిపెట్టింది!

ఒక్కరోజులో నయం కాలేదు. ఆ చలికాలంలో ఆయాసం రెండుసార్లు వచ్చింది, మాత్రలతో తగ్గింది. ఆ తర్వాత రాలేదు.

చదివేవారికి ఒక్కమాట. ఊరు మారితే తగ్గి, ఇంటికి రాగానే మొదలయ్యే ఆయాసమైతే, డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి, ఇంట్లో తడి ఎక్కడుందో వెతకండి. బూజు మీద సున్నం కొట్టి మూసిపెట్టకండి. గాలి, వెలుతురు రానివ్వండి.

ఇదంతా జరిగి ఆరేళ్లయింది. మొన్న బడిలో పరుగుపందెంలో కమలకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది రాలేదని మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. కూర్చోనీ. అలిగినా మా ఇంట్లోనే కదా అలిగింది!